కుటుంబంతో పోర్చుగల్ గానీ స్పెయిన్ గానీ మారదామా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

మణికొండ_మనిషి:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు.

హైదరాబాద్‌లో ఉంటాం. నాకు 38, మా ఆవిడకు 35, పాప నాలుగో తరగతి. ఓ అమెరికా కంపెనీకి ఇంటి నుంచే కాంట్రాక్టు మీద పని చేస్తాను. పన్ను పోను నెలకు నాలుగున్నర లక్షలు మిగులుతాయి. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. అమ్మ నరసరావుపేటలో ఒక్కతే ఉంటుంది. ఫ్లాటు మీద ఇంకో 40 లక్షల లోను ఉంది.

పాప పుట్టాక ఈ ఊళ్లో గాలి, ట్రాఫిక్ చూసి విసుగొచ్చింది. హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న రోజే అమెరికా ఆలోచన మానేశాం. జర్మనీ చలి మాకు పడదు. మిగిలింది ఎండ ఉన్న ఐరోపా. యూట్యూబ్ నిండా పోర్చుగల్ వీడియోలే. చవక, సముద్రం, ఐదేళ్లలో పాస్‌పోర్టు అంటున్నారు. అంత బాగుంటే అందరూ అక్కడే ఉండాలి కదా అని నా అనుమానం. వీడియోల్లో చెప్పనివి ఏమున్నాయో చెప్పండి.

గుంటూరు_ఘాటు:
వీడియో తీసినాయన ఆదాయం పోర్చుగల్ నుంచి కాదు, ఆ వీడియో నుంచి వస్తుంది. ముందు అది గుర్తుపెట్టుకోండి. సరే, తెలిసినవాళ్లు రాస్తారు, నేను చదువుతా.

తేజో_తీరం:
లిస్బన్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఉంటున్నాను. వీసాతో మొదలుపెడతాను, అందరూ తికమకపడేది అక్కడే.

మీలాంటివారికి దారి డీ8 వీసా. 2022 అక్టోబరులో మొదలైంది, బయటి దేశం కంపెనీలకు దూరం నుంచి పనిచేసేవాళ్ల కోసం. ఇక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపాలి. 2026కి కనీస వేతనం 920 యూరోలు, అంటే నెలకు 3,680. మీకు సమస్య కాదు. డీ7 అనేది పెన్షన్, అద్దె, వడ్డీల మీద బతికేవాళ్లది. దానికి కనీస వేతనం ఒక్క రెట్టు చాలు, భార్యకో భర్తకో అందులో సగం, పిల్లకు 30 శాతం అదనంగా చూపాలి. ఇల్లు కొని గోల్డెన్ వీసా (పెట్టుబడి పెడితే ఇచ్చే నివాస అనుమతి) తీసుకునే పద్ధతి 2023 అక్టోబరులోనే పోయింది. ఇంకా ఆ మాట చెప్పే ఏజెంటు ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఐదేళ్ల పాస్‌పోర్టు సంగతి. 2025 అక్టోబరులో పార్లమెంటు దాన్ని మనలాంటివాళ్లకు పదేళ్లకు పెంచుతూ ఓటేసింది. డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టంలో కొన్ని భాగాలను కొట్టేసింది. ఆ మలుపులన్నీ ఇక్కడ రాయను. ఐదేళ్ల లెక్క మీద మాత్రం ఇల్లు అమ్ముకుని రావద్దు. పదేళ్లయినా ఇక్కడ ఉండగలం అనుకుంటేనే రండి. ఎలాగూ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి.

రెసిడెన్సు కార్డుల ఆఫీసు గురించి కూడా తెలుసుకోండి. పాత సెఫ్‌ను 2023 అక్టోబరులో రద్దుచేసి ఐమా అని కొత్తది పెట్టారు. అప్పటికే లక్షల దరఖాస్తులు పేరుకుపోయి ఉన్నాయి. కార్డు గడువు అయిపోయి, కొత్తది రాక, ఇండియా వెళ్లొచ్చే ధైర్యం లేక కూర్చున్నవాళ్లు చాలామంది తెలుసు. మీ అమ్మగారు ఒక్కరే ఉంటారన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నా.

ఇక చలి. జర్మనీ చలి పడదని ఇటు వస్తానంటున్నారు. జర్మనీలో బయట చలి, ఇంట్లో వెచ్చన. ఇక్కడ జనవరిలో బయట ఎండలో 15 డిగ్రీలు, ఇంట్లో 13. పాత ఇళ్లలో హీటింగు ఉండదు, కిటికీలు ఒంటి అద్దంవి, గోడలకు బూజు. మొదటి చలికాలం వంటింట్లో కూడా కోటు వేసుకునే తిరిగాం. ఇల్లు చూడడానికి వెళ్తే వంటగది తర్వాత చూద్దురు గాని, ముందు బీరువాల వెనక గోడ చూడండి, గది వాసన చూడండి. తేమ లాగే మిషను ఇక్కడ ఫ్రిజ్ అంత అవసరం.

మంచి విషయాలు రేపు రాస్తాను, అవీ చాలా ఉన్నాయి.

మణికొండ_మనిషి:
చాలా థాంక్స్ అండీ. ఇంట్లో 13 డిగ్రీల సంగతి ఒక్క వీడియోలోనూ లేదు! అద్దెలు ఎలా ఉంటాయి? మా ఇద్దరికీ, పాపకూ రెండు పడకగదులు చాలు.

తేజో_తీరం:
లిస్బన్ లోపల కాస్త మంచి రెండు గదుల ఇల్లు 1,500 నుంచి 1,900 యూరోలు పలుకుతోంది. నది దాటి సెతూబల్ వైపో, ఉత్తరాన బ్రాగాకో వెళ్తే 1,000, 1,200లో దొరకొచ్చు. చట్టం ప్రకారం రెండు నెలల డిపాజిట్, రెండు నెలల అడ్వాన్సు మించకూడదు. కానీ మనకు ఇక్కడ పూచీ ఉండేవాళ్లు ఉండరు కదా, దాంతో ఆరు నెలలు ముందే కట్టమనే ఓనర్లు ఉన్నారు. వీసాకు అప్లై చేసేనాటికే అద్దె ఒప్పందం చూపించాలి, చూడని ఇంటికి డబ్బు కట్టాలి. మోసాలు జరిగేదీ సరిగ్గా ఇక్కడే.

వలెన్సియా_ఎండ:
స్పెయిన్ వైపు నుంచి నేను. మేమిద్దరమూ దూరం నుంచి పనిచేసేవాళ్లమే, వలెన్సియాలో ఉంటాం.

ఇక్కడ దూరం నుంచి పనిచేసేవాళ్లకిచ్చే డిజిటల్ నోమాడ్ వీసా 2022లో చేసిన స్టార్టప్ చట్టం కింద వచ్చింది. కనీస వేతనానికి రెండు రెట్లు చూపాలి, 2025 లెక్కన నెలకు దాదాపు 2,760 యూరోలు, కుటుంబానికి ఆపైన. డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ కావాలి. ఆ కంపెనీతో కనీసం మూడు నెలలుగా పని చేస్తూ ఉండాలి. ఉద్యోగిగా వస్తే సోషల్ సెక్యూరిటీ (మన పీఎఫ్, ఈఎస్‌ఐ లాంటిది) కాగితం దగ్గర మనవాళ్లు ఇరుక్కుంటారు. అందుకే ఎక్కువమంది మీలాగా కాంట్రాక్టరుగా వచ్చి, ఇక్కడ ఆతోనోమోగా, అంటే సొంతంగా పనిచేసుకునేవాళ్లుగా, నమోదు చేసుకుంటారు.

పాస్‌పోర్టు కావాలంటే స్పెయిన్ పదేళ్లు. లాటిన్ అమెరికావాళ్లకు రెండేళ్లే, మనకు ఆ వరం లేదు. గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు.

బతకడానికి మాత్రం ఈ ఊరు మాకు బాగా నచ్చింది. పాత నది పాయను మళ్లించి, ఆ పొడుగు మొత్తం తోట చేశారు. మా అబ్బాయి సాయంత్రం అక్కడే సైకిలు తొక్కుతాడు. రాత్రి పదింటికి కూడా పార్కులో పిల్లలు, ముసలివాళ్లు కనిపిస్తారు. హైదరాబాద్‌లో వాడిని గేటు దాటనిచ్చేవాళ్లం కాదు. బియ్యం పండే నేల, చుట్టూ వరి పొలాలే, ఆ పొలాల పక్కన కారులో పోతుంటే కోనసీమ గుర్తొస్తుంది.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. వలెన్సియా సర్కారు బడిలో పిల్లలు స్పానిష్ ఒక్కటే కాదు, వలెన్సియన్ కూడా నేర్చుకోవాలి. బార్సిలోనా అయితే బడి నడిచేదే కతలాన్‌లో. మీ పాప వయసుకు రెండు కొత్త భాషలు ఒకేసారి. మావాడు మొదటి ఏడాది చాలా ఏడ్చాడు, ఇప్పుడు మా స్పానిష్ విని నవ్వుతున్నాడు.

పద్దుపుస్తకం:
నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఆశల మీద నీళ్లు చల్లడం నా వృత్తి కాబట్టి ఏమీ అనుకోకండి.

మీరు 44ఏడీఏ (సొంతంగా పనిచేసే వృత్తి నిపుణుల పన్ను సెక్షను) కింద రిటర్ను వేస్తున్నట్టున్నారు. అంటే వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా లెక్క. ఏడాదికి సుమారు 62 లక్షల రాబడి అనుకుంటే, 31 లక్షల మీద పన్ను, సుమారు 5.3 లక్షలు. చేతికి 56 లక్షల పైన. ఇంత దయగల పన్ను ఐరోపాలో దొరకడం కష్టం.

అదే రాబడి, అంటే సుమారు 60,000 యూరోలు, పోర్చుగల్‌లో చూద్దాం. సరళ పద్ధతిలో 75 శాతం ఆదాయంగా లెక్కేస్తారు. సోషల్ సెక్యూరిటీ రాబడిలో 70 శాతం మీద 21.4 శాతం, అంటే ఏడాదికి 9,000 దగ్గర. మొదటి పన్నెండు నెలలు అది మినహాయింపు. ఆదాయపు పన్ను భార్యాభర్తలు కలిపి వేసినా ఇంకో ఏడెనిమిది వేలు అవుతుంది. మొత్తం మీద నెలకు 3,500 యూరోల ప్రాంతం చేతికి. రూపాయల్లో మూడు లక్షల అరవై వేలు అనుకోండి. అందులోంచి అద్దె 1,200, ఇండియాలో ఈఎంఐ 400, అమ్మగారికి పంపేది ఒక 200. మిగిలిన 1,700లో తిండి, కరెంటు, ఇన్సూరెన్సు, ఏడాదికోసారి ముగ్గురికీ విమానం టిక్కెట్లు. బతుకుతారు, హాయిగానే బతుకుతారు. మణికొండలో వెనకేస్తున్నంత మాత్రం వెనకేయలేరు.

ఎన్‌హెచ్‌ఆర్ అని పదేళ్ల పన్ను రాయితీ ఉండేది, 2024 నుంచి కొత్తవారికి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చినది పరిశోధన, కొన్ని అర్హతగల కంపెనీల్లో ఉద్యోగం లాంటి వాటికి. విదేశీ క్లయింటుకు ఒంటరిగా పనిచేసేవాళ్లకు అందడం కష్టం.

స్పెయిన్‌లో బెక్హమ్ చట్టం అనేది ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆరేళ్లు 24 శాతమే పన్ను, 6 లక్షల యూరోల ఆదాయం దాకా. ఉద్యోగిగా వస్తే సాఫీగా అందుతుంది, ఆతోనోమోలకు వాదనలు నడుస్తుంటాయి. సోషల్ సెక్యూరిటీలో నమోదైన ఆరు నెలల్లోపే అడగాలి. అది లేకుండా మామూలు రెసిడెంటు అయితే బయటి ఆస్తులు 50,000 యూరోలు దాటినవన్నీ మోదెలో 720 అనే ఫారంలో రాయాలి. కొంపల్లి ప్లాటు, అమరావతి ప్లాటు, మామగారు రాసిచ్చిన ఇల్లు, అన్నీ.

మనవాళ్లు మరిచేది ఇంకోటి. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఇండియాలో కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చేది ఉంచుకోవచ్చు. పొలం బేరంలో ఉంటే ముందు తేల్చుకోండి.

గుంటూరు_ఘాటు:
సార్ పోస్టు చదివాక మణికొండ ట్రాఫిక్ మీద కూడా ప్రేమ పుట్టింది.

లెక్కల_టీచర్:
నమస్తే. పై ప్రశ్న అడిగిన పెద్దమనిషి నా భర్తే. నాలుగు రోజులుగా ఫోన్లో ఏం చదువుతున్నారా అని చూస్తే ఇది.

అందరూ అద్దె, పన్ను, వీసా రాశారు. నా ఉద్యోగం గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు, ఆయనా అడగలేదు. పదకొండేళ్ల నుంచి తొమ్మిది, పది తరగతులకు చెబుతున్నాను. అక్కడ నేనేం చేస్తాను? ఎవరైనా టీచర్లు వెళ్లారా?

తేజో_తీరం:
అక్కా, ఈ చర్చలో అడగాల్సిన ప్రశ్న మీరే అడిగారు.

చట్టం అడ్డు రాదు. కుటుంబ కార్డుతో వచ్చిన భార్యకో భర్తకో ఇక్కడ పని చేసే హక్కు ఉంటుంది. అయితే సర్కారు బడిలో చెప్పాలంటే పోర్చుగీసు బాగా రావాలి, డిగ్రీ, బీఈడీలకు గుర్తింపు తెచ్చుకోవాలి. అది ఏళ్ల పని. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఇంగ్లీషులో లెక్కలు చెప్పేవాళ్లు కావాలి, పోటీ మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్లతో. కేంబ్రిడ్జి గానీ ఐబీ గానీ, ఆ సిలబస్ చెప్పిన అనుభవం ఉంటే మీకు మంచి అవకాశం. లేకపోతే ఆన్‌లైన్‌లో ఇండియా పిల్లలకో, అమెరికాలో మనవాళ్ల పిల్లలకో ట్యూషన్లు. అలా చేస్తున్నవాళ్లు నాకు తెలుసు, సంపాదన బాగానే ఉంది. తరగతి గది ఉండదు, అది మీరు ఆలోచించుకోవాలి.

మా వాళ్లలో వెనక్కి వెళ్లిపోయిన కుటుంబాలను చూశాను. డబ్బు చాలక వెళ్లినవాళ్లు తక్కువ. ఒకరు పొద్దున్నుంచి రాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు, ఇంకొకరు మాట్లాడేవాళ్లు లేక అపార్టుమెంటులో. ఆ రెండో మనిషి ముందు అలిసిపోతారు. తొంభై పాళ్లు ఆ రెండో మనిషి ఆడవాళ్లే.

ఇంకోటి, 2025 అక్టోబరులో వచ్చిన కొత్త విదేశీయుల చట్టం కుటుంబాన్ని తర్వాత రప్పించుకోవడాన్ని బిగించింది. మామూలుగా రెండేళ్లు ఇక్కడ ఉన్నాకే అంటోంది. చిన్నపిల్లలున్న కుటుంబాలకు మినహాయింపులు ఉన్నాయి. "నేను ముందు వెళ్లి సర్దుకుంటాను, మీరు తర్వాత రండి" అనే మన పాత పద్ధతి ఇక్కడ బెడిసికొట్టే అవకాశం ఉంది. లాయరుతో మాట్లాడకుండా ఆయన్ని ఒంటరిగా పంపకండి.

లెక్కల_టీచర్:
థాంక్స్ అక్కా. ఆయన "నేను ముందు వెళ్లి" అనే అన్నారు.

మణికొండ_మనిషి:
ఇంట్లో చర్చ వేరే జరుగుతోంది, తర్వాత రాస్తా 🙏

డాలస్_బావ:
కొంచెం పక్క దారి. నేను అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నా. గ్రీన్ కార్డు ఈబీ2 వరసలో నా వంతు వచ్చేసరికి నా కొడుకు రిటైరవుతాడు. కంపెనీ ఐరోపా నుంచి పనిచేయనిస్తానంటోంది. నాలాంటివాడికి లిస్బన్ ఎలా? న్యూయార్క్‌తో ఐదు గంటలే తేడా.

తేజో_తీరం:
టైము పరంగా మీకు బంగారం. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పని, పొద్దున్నంతా మీదే. ఇండియాకు కూడా నాలుగున్నరో ఐదున్నరో గంటల తేడాయే. హైదరాబాద్‌కు నేరు విమానం లేదు, దుబాయ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్తాం.

అమెరికా ఇళ్ల సైజు మాత్రం మర్చిపోండి. డ్రయ్యరు ఉండదు, కారు నిలిపే చోటు ఉండదు. నలభై యూరోల నెలవారీ పాసుతో లిస్బన్ చుట్టుపక్కల మెట్రో, బస్సు, రైలు, పడవ అన్నీ ఎక్కొచ్చు, అందుకే మాకు కారే లేదు. మంచి విషయాలు రాస్తానన్నాను కదా, ఇది మొదటిది. రెండోది భద్రత. రాత్రి పదకొండుకు ఒంటరిగా నడిచి ఇంటికొస్తాను. మూడోది తిండి. ఐరోపాలో మనిషికి ఎక్కువ బియ్యం తినేది వీళ్లే. కొత్తిమీర కట్టలు కట్టలు వాడతారు. మనకు మిరపకాయ తెచ్చిపెట్టింది కూడా వీళ్లే, తమ కూరల్లో మాత్రం పెద్దగా వేసుకోరు. శాకాహారులు హోటళ్లలో జాగ్రత్త, మాంసం వద్దంటే చేప పెడతారు.

లిస్బన్‌లో మార్తీం మొనీజ్ కూడలి దగ్గర మన సరుకులు దొరుకుతాయి. లుమియార్‌లో రాధాకృష్ణుల గుడి ఉంది. మొజాంబిక్ నుంచి వచ్చిన గుజరాతీలు కట్టుకున్నది. పండక్కి అక్కడ చేరతాం, తెలుగు ఇళ్లు కొన్నే.

మిలానో_చలి:
ఇటలీ గురించి ఎవరూ రాయలేదు. మిలాన్‌లో ఎమ్మెస్ చేసి ఇక్కడే చిన్న ఉద్యోగంలో ఉన్నా.

చదువుకు ఇటలీ మంచి బేరం. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు, ప్రాంతీయ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు పోయి చేతికి డబ్బు కూడా వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ పిల్లలు అందుకే వస్తున్నారు. అయితే ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది, అప్పటిదాకా గది అద్దె 600, 700 సొంతంగా కట్టుకోవాలి.

ఉద్యోగానికి వస్తే వేరే కథ. కొత్త ఇంజనీరుకు ఏడాదికి 28 నుంచి 32 వేల యూరోలు, చేతికి నెలకు 1,700 చుట్టూ. హైదరాబాద్‌లో నా బ్యాచ్‌వాళ్లు నాకంటే ఎక్కువ దాచుకుంటున్నారు. దక్షిణ ఐరోపా మొత్తం ఇంతే అనుకుంటున్నా. ఇక్కడ ఖర్చుపెట్టడానికి రావాలి గానీ సంపాదించడానికి కాదు. ఇటలీ పిల్లలే జర్మనీ, స్విట్జర్లాండు పోతున్నారు.

ఇంకో అపోహ. "ఇటలీ కార్డు ఉంటే జర్మనీలో పని చేయొచ్చు" అని ఏజెంట్లు చెబుతారు. అబద్ధం. షెంగెన్‌లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు, పనికి ఆ దేశం పర్మిట్ ఆ దేశానిదే.

ఇక ఒక యూరో ఇల్లు. సిసిలీలో సాంబూకా లాంటి ఊళ్లలో పాత ఇళ్లు అలా అమ్మిన మాట నిజమే. మూడేళ్లలో బాగుచేయాలనే షరతు, ముందు డిపాజిట్, బాగుచేయడానికి వేల యూరోలు. ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. కుర్రాళ్లు లేక ఖాళీ అయిన ఊరది, అక్కడ పని ఏముంటుంది?

రిటైర్డ్_బ్యాంకు:
బాబూ, నేను విజయవాడలో ఉంటాను, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ 80 వేలు. నాకూ ఆవిడకూ మోకాళ్ల నొప్పులు, ఎండ ఉండాలి, మెట్లు ఉండకూడదు. పోర్చుగల్ డీ7 మాకు కుదురుతుందా? ఇటలీలో పెన్షనర్లకు 7 శాతమే పన్ను అని విన్నాను.

పద్దుపుస్తకం:
నమస్కారమండీ. యూరో వంద రూపాయలు దాటింది. మీ 80 వేలు 800 యూరోల లోపే. డీ7కు మీ ఒక్కరికే 920, అమ్మగారితో కలిపి 1,380 కావాలి. అద్దెలు, వడ్డీలు కలిస్తే చూడొచ్చు. ఇటలీ 7 శాతం నిజమే, దక్షిణాది చిన్న ఊళ్లకు మారే విదేశీ పెన్షనర్లకు పదేళ్లపాటు. కానీ అక్కడ ఉండటానికి కావాల్సిన వీసాకు ఏడాదికి 31,000 యూరోల ఆదాయం అడుగుతారు.

మెట్లు లేని ఊరంటే లిస్బన్ అసలు కాదు. ఏడు కొండల ఊరది.

తేజో_తీరం:
అంకుల్, వైద్యం కూడా చూసుకోండి. సర్కారీ వైద్యం మంచిదే, కానీ ఫ్యామిలీ డాక్టరు లేనివాళ్లు దేశంలో పదిహేను లక్షల పైనే. మోకాలి ఆపరేషనుకు ఎదురుచూపులు తప్పవు. ప్రైవేటు ఇన్సూరెన్సు ఆ వయసులో పాత జబ్బులు తీసుకోదు. విజయవాడలో మీకు డాక్టరు ఆటో దూరంలో ఉంటారు.

రిటైర్డ్_బ్యాంకు:
అర్థమైంది తల్లీ. మూడు నెలలు టూరిస్టుగా వచ్చి చూసిపోతాం. అది చాలు మాకు.

ఇందూరు_కుర్రోడు:
అన్నలూ, మీవన్నీ ల్యాప్‌టాప్ కొలువులు. నేను మాల్టాలో డెలివరీ చేసిన, ఇప్పుడు ఇంటికొచ్చేసిన. నా లెక్క కూడా వినుండ్రి.

మాల్టాలో ఇంగ్లీషు నడుస్తది, మన డ్రైవర్లు, డెలివరీ పోరగాళ్లు మస్తుమంది ఉంటరు. ఒక ఏజెంటు ఆరు లక్షలు తీసుకున్నడు. ఇంటి మీద వడ్డీకి తెచ్చినం. పర్మిట్ కంపెనీ పేరు మీద ఉంటది, కంపెనీ తీసేస్తే కొత్త కొలువు దొరకబట్టుకోవడానికి తక్కువ టైము. కనీస వేతనం వారానికి 220 యూరోల దగ్గర ఉండె. గదిలో నలుగురం, ఎండాకాలం బండి మీద తలకాయ కాలిపోతుండె. మిత్తి కట్టి, గది కట్టి, ఇంటికి పంపింది గల్ఫ్‌లో మా తమ్ముడు పంపినదానికి ఎక్కువేం కాదు. గల్ఫ్‌లో అద్దె కంపెనీదే.

ఐరోపా అని పేరు పెద్దగ వినపడ్తది. అప్పు చేసి పోయేటోళ్లు ముందు గల్ఫ్ లెక్కతోని పోల్చుకోండ్రి.

మిలానో_చలి:
అన్న చెప్పింది ముమ్మాటికీ నిజం. ఇక్కడ లాతీనా పొలాల్లో పంజాబీలు పని చేస్తారు. 2024 జూన్‌లో మిషనులో చెయ్యి తెగిపోయిన ఒక కూలీని ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు, అతను చనిపోయాడు. దేశమంతా గొడవైంది. క్లిక్ డే కోటా (ఒక రోజు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుని ఇచ్చే పని పర్మిట్లు) మీద వచ్చి, పిలిచిన యజమాని కనపడక కాగితాలు లేకుండా మిగిలిపోయేవాళ్లు ఉన్నారు. పోర్చుగల్‌లో ఒదెమీరా గ్రీన్‌హౌసులదీ ఇలాంటి కథే.

మోడరేటర్:
ఏజెంట్లు, కన్సల్టెన్సీల పేర్లు రాయొద్దు, మెసేజిలో అడగొద్దు. రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

గుంటూరు_ఘాటు:
ఒక్క సీరియస్ ప్రశ్న. అక్కడ మన రంగు వాళ్లను ఎలా చూస్తున్నారు? ఈమధ్య వార్తలు బాగోలేవు.

తేజో_తీరం:
దాచాల్సిందేం లేదు, మారింది. 2025 మే ఎన్నికల్లో వలసలంటే పడని షేగా పార్టీ 230లో 60 సీట్లు తెచ్చుకుని రెండో స్థానంలోకి వచ్చింది. అదే ఏడాది చివర్లో "ఇది బంగ్లాదేశ్ కాదు" అని రోడ్ల పక్కన పోస్టర్లు. 2024 డిసెంబరులో మార్తీం మొనీజ్ పక్క వీధిలో పోలీసులు మనలాంటివాళ్లను గోడకు వరసగా నిలబెట్టి సోదా చేసిన ఫొటో దేశమంతా చూసింది. మరోవైపు గోవా మూలాలున్న ఆంటోనియో కోస్టాను ఎనిమిదేళ్లకు పైగా ప్రధానిగా పెట్టుకున్నదీ ఈ దేశమే.

నా వరకు పక్కింటి ముసలావిడ మా పాపకు స్వెట్టరు అల్లింది. బస్సులో ఒకాయన "మీ దేశం వెళ్లు" అన్నాడు. రెండూ ఒకే నెలలో. పోర్చుగీసు మాట్లాడితే ముఖాలు మారతాయి, అది మాత్రం కచ్చితం.

వలెన్సియా_ఎండ:
స్పెయిన్‌లో కోపం ఎక్కువగా అద్దెల మీద. 2024లో బార్సిలోనాలో టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో కొట్టారు కదా. డాలరు జీతంతో వచ్చి అద్దెలు పెంచేస్తున్నారని మనలాంటి ల్యాప్‌టాప్ జనం మీద కూడా అదే మాట. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మా ఓనరు మేము రాకముందు ఉన్నవాళ్లను ఖాళీ చేయించి మాకు ఎక్కువకు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

మణికొండ_మనిషి:
ఇంట్లో చర్చ ముగిసింది, లేదా నేను ఓడిపోయాను, ఏదో ఒకటి.

ప్రస్తుతానికి వీసా అప్లై చేయడం లేదు. వచ్చే జనవరిలో, కావాలనే చలికాలంలో, టూరిస్టు వీసా మీద సెతూబల్‌లో రెండు వారాలు, వలెన్సియాలో రెండు వారాలు. ఆవిడ స్కూలుకు సెలవు పెడుతుంది, అక్కడి ఇంటర్నేషనల్ స్కూళ్లకు తన వివరాలు ముందే పంపుతుంది. రెండు చోట్ల నుంచీ ఒక్క పిలుపు రాకపోతే ఈ ఆలోచన మానేస్తామని ఒప్పందం. ఆమె పెట్టిన షరతే. అమ్మ మాత్రం "నేను నరసరావుపేట కదలను, మీరు ఎక్కడైనా చావండి" అంది, ఆశీర్వాదంగానే తీసుకున్నా.

పద్దుపుస్తకం:
ఆ నాలుగు వారాలూ టూరిస్టు వీసా మీద కూర్చుని క్లయింటు పని చేయకండి. సెలవు పెట్టండి. ఈ లోపు ఫ్లాటు లోను కొంత తీర్చేయండి, ఈఎంఐ సగమైతే నేను పైన వేసిన లెక్క మొత్తం మారుతుంది.

లెక్కల_టీచర్:
నాలుగు వారాల సామానులో నెయ్యి, ఆవకాయ, కరివేపాకు తీసుకెళ్లొచ్చా? పాప నెయ్యి లేకుండా తినదు.

వలెన్సియా_ఎండ:
ఆవకాయ ఓకే, కారకుండా కట్టండి. నెయ్యి కుదరదు, పాలు, మాంసంతో చేసినవి ఈయూ బయటి నుంచి సామానులో తేకూడదు. కరివేపాకు పచ్చిది అస్సలు వద్దు, తీసేస్తారు. తాజా పండ్లలో అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డూరియన్ తప్ప మిగతావాటికి సర్టిఫికెట్ అడుగుతారు. వెన్న ఇక్కడ మంచిది దొరుకుతుంది, వచ్చాక కాచుకోండి. గిన్నె మా ఇంట్లో ఉంది.